మళ్ళీ పుట్టిన రాక్షసుడు, ఎనిమిది భాగాల యానిమేషన్ కథ: నాలుగో శిక్ష దగ్గర ఆగిపోయాను, సలహా కావాలి

కొత్తకలం:

అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితులిద్దరూ కలిసి ఒక యానిమేషన్ ధారావాహికకు కథ సిద్ధం చేసుకుంటున్నాము. మొత్తం ఎనిమిది భాగాలు, ఒక్కొక్కటి పదకొండు నిమిషాలు. కథావస్తువు ఈ వేదికలో చాలామందికి తెలిసిన కోవలోదే. యుగాల క్రితం ఓడిపోయిన ఒక రాక్షసుడు మనిషిగా పుడతాడు. పద్నాలుగేళ్ళు వచ్చేదాకా తానెవరో అతనికే తెలియదు. తొమ్మిదో తరగతిలో ఉండగా నలుగురు పిల్లలు అతని తలను చేతులు కడుక్కునే తొట్టికేసి కొట్టినప్పుడు పూర్వజన్మ ఒక్కసారిగా జ్ఞాపకం వస్తుంది. ఆ రోజు నుంచి బడిలో బలహీనులను ఏడిపించేవాళ్ళను ఒక్కొక్కరినే పట్టుకుని శిక్షిస్తూ పోతాడు.

మొదటి మూడు భాగాలు రాసేటప్పుడు కలం ఆగలేదు. ఇతరుల డబ్బు లాక్కునే కుర్రవాడికి రెండు చేతులూ మొద్దుబారి, ఏది పట్టుకున్నా స్పర్శ తెలియకుండా పోతుంది. తోటివాళ్ళను చాటుగా వీడియో తీసి అందరికీ పంపేవాడికి అద్దంలో తన ముఖం కనబడదు. అందరికీ వెక్కిరింపు పేర్లు పెట్టే అమ్మాయి పేరు ఎవరి నోటికీ రాకుండా పోతుంది. ఇంట్లో తల్లి కూడా పిలవబోయి తడబడుతుంది. ఈ మూడూ చదివి వినిపించినప్పుడు మొదటిదానికి మిత్రులు చప్పట్లు కొట్టారు, రెండోదానికి తలలూపారు, మూడోది సగంలో ఉండగానే ఒకరు ఫోను తీశారు. శిక్ష మారుతోంది గానీ కథ మారడం లేదని నాకూ అర్థమైంది. నాలుగో భాగం దగ్గర కూర్చుని మూడు వారాలైంది. శిక్షలను ఇంకా తీవ్రం చేయాలా, లేక లోపం మరెక్కడైనా ఉందా?

అర్ధరాత్రి ప్రేక్షకుడు:

కొత్తకలం గారూ, ఈ కోవ కథలకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. కొరియాలో వెబ్‌టూన్లూ (ఫోనులో భాగాలుగా చదివే బొమ్మల కథలు) వెబ్ నవలలూ చదివేవాళ్ళు 'హ్వేబింగ్‌హ్వాన్' అనే మాట వాడతారు. కాలంలో వెనక్కి వెళ్ళడం, మరొకరి శరీరంలో ప్రవేశించడం, మళ్ళీ పుట్టడం అనే మూడు ఎత్తుగడల పేర్లలోంచి తలా ఒక అక్షరం తీసి అతికించిన పొట్టి పేరు అది. మీది మూడో ఎత్తుగడ. మూడింటి ప్రయోజనమూ ఒకటే: పిల్లవాడి ఒంట్లో పిల్లవాడికి ఉండని బలాన్నీ అనుభవాన్నీ పెట్టడం. అన్యాయం సాగిపోతూ పాఠకుడికి ఊపిరాడని ఘట్టాన్ని వాళ్ళు 'చిలగడదుంప' అంటారు, నీళ్ళు లేకుండా తింటే అది గొంతుకు అడ్డం పడుతుంది కనుక. నాయకుడు తిరగబడి లెక్క తేల్చే ఘట్టం 'సైడా', అంటే గొంతును చురుక్కుమనిపించే సోడా.

ఎంత మంచి సోడాకైనా మొదటి గుక్కలో ఉన్న చురుకు నాలుగో గుక్కలో ఉండదు. అందుకే రచయితలు ప్రత్యర్థిని పెంచుతూ పోతారు. ముందు తరగతిలో రౌడీ, తర్వాత పై తరగతి వాళ్ళు, ఆపైన పక్క బడి, ఆపైన ఒక ముఠా, చివరికి ఆ ముఠాకు డబ్బిచ్చే పెద్దమనిషి. అక్కడికి చేరేసరికి బడి కథలో బడి మిగలదు. మీరు ఆ దారి పట్టవద్దని నా మనవి. శిక్షను పెంచే బదులు శిక్ష వేసినవాడికి ఒక ఖర్చు పెట్టండి. ఒక్కొక్క శిక్షకు అతని పూర్వజన్మ జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుందనుకోండి, ప్రేక్షకుడు మళ్ళీ ముందుకు వంగి చూస్తాడు.

రంగులపలక:

స్టోరీబోర్డులు, అంటే చిత్రం తీయకముందు దృశ్యాలను వరుసగా చూపే బొమ్మలు, గీయడం నా వృత్తి కనుక నా కంటికి ముందు బొమ్మే ఆనుతుంది. మీ మూడు శిక్షలూ కాగితం మీద వేర్వేరుగా ఉన్నాయి. తెర మీదకు వచ్చేసరికి మూడూ ఒకే రకంగా కనబడే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఈ కోవలో శిక్ష అనగానే అందరమూ ఒకే వంట వండుతాము: వెనక గోడ నల్లబడుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, కెమెరా నేల దగ్గరికి దిగి రాక్షసుణ్ణి పొడుగ్గా చూపిస్తుంది, శిక్ష పడేవాడు నోరు తెరిచి అరుస్తాడు. ఎవరి నేరానికి ఏ శిక్షో తెలియకుండా శబ్దం తీసేసి చూసినా అంతా అర్థమైపోతుంది. అలా అర్థమైపోవడమే అక్కడి తప్పు.

లెక్క కూడా ఒకసారి చూసుకోండి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పదకొండు నిమిషాలకు 15,840 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 7,920 బొమ్మలు కావాలి, మూడేసి నిలిపితే 5,280. ముగ్గురు మనుషులు ఎనిమిది భాగాలకు ఇన్ని బొమ్మలు గీయడం అయ్యే పని కాదు. అందుచేత నిశ్చలంగా నిలిచే షాట్లు మీకు తప్పవు. తప్పనిదాన్ని కథకు పనికివచ్చేలా మలుచుకోండి. తరగతి అంతా మూడేసి ఫ్రేములకొక బొమ్మగా కొంచెం కుదుపుతో కదులుతుండగా, రాక్షసుడు మాత్రం తన బలం వాడే రెండు మూడు సెకన్లు ఫ్రేముకొక బొమ్మగా నూనె రాసినట్టు కదిలితే, ఎర్ర కళ్ళు లేకుండానే ఇతను ఈ లోకపు మనిషి కాడని తెలుస్తుంది.

నల్లబల్ల:

ఇరవై రెండేళ్ళుగా తరగతి గదుల్లో ఉన్నాను. కొత్తకలం గారి మూడు కథాంశాలూ రెండుసార్లు చదివాను. ఏడిపించేవాడు ఉన్నాడు, ఏడ్చేవాడు ఉన్నాడు, శిక్షించేవాడు ఉన్నాడు. తక్కిన ముప్పై ఐదుమంది ఎక్కడ? మీ తొట్టి దృశ్యంలో నలుగురు కొట్టారని రాశారు. ఆ సమయంలో చుట్టూ ఎవరూ లేరా? నా అనుభవంలో చూసేవాళ్ళు లేకపోతే వేధింపులు సగం ఆగిపోతాయి, ఎందుకంటే ఆ ఆట చూసేవాళ్ళ కోసమే ఆడేది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కూడా కాదు. 2001లో కెనడాకు చెందిన హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ అనే పరిశోధకులు ప్రాథమిక పాఠశాలల ఆటస్థలాల్లో దూరం నుంచి కెమెరాలతో, పిల్లల దుస్తులకు అమర్చిన మైకులతో చేసిన పరిశీలనను ప్రచురించారు. వేధింపు ఘటనల్లో 88 శాతం చోట్ల తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు కల్పించుకున్నవి 19 శాతం మాత్రమే. కల్పించుకున్నప్పుడు మాత్రం 57 శాతం సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. అంతకుముందు 1996లో ఫిన్లండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి బృందం తరగతిలో పిల్లలు పోషించే పాత్రలను గుర్తించింది: బాధితుడు, వేధించేవాడు, అతనికి చేయి కలిపేవాడు, నవ్వి ఉసిగొలిపేవాడు, తప్పుకుని నిలబడేవాడు, బాధితుడి పక్షం వహించేవాడు. జపాన్‌లో మోరితా యోజీ అనే సామాజిక శాస్త్రవేత్త దాదాపు ఇదే సంగతిని నాలుగు పొరలుగా చెప్పారు. నడుమ బాధితుడు, అతని చుట్టూ వేధించేవాళ్ళు, వాళ్ళ చుట్టూ వేడుక చూసే ప్రేక్షకులు, అందరికన్నా బయట చూసీ చూడనట్టు ఉండేవాళ్ళు.

మీ రాక్షసుడు రెండో పొర దగ్గరే ఆగిపోయాడు. కథ కదలకపోవడానికి కారణం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

వెనకబెంచీ:

నేను సాధారణంగా ఈ వేదికలో చదివి వెళ్ళిపోతాను, రాయను. నల్లబల్ల గారి మాటల తర్వాత రాయకుండా ఉండలేకపోయాను.

ఎనిమిదో తరగతిలో మా వరుసలో ఒక అబ్బాయి ఉండేవాడు. అతనికి కొన్ని అక్షరాలు తిరిగేవి కావు. పాఠం పైకి చదవమన్నప్పుడల్లా ఒకడు అతన్ని అనుకరించేవాడు, మేము నవ్వేవాళ్ళము. నేను ఏనాడూ అనుకరించలేదు, అతన్ని ముట్టుకోలేదు, ఒక్క మాట అనలేదు. నవ్వాను, అంతే. ఆ ఏడాది సగంలోనే అతను బడి మారిపోయాడు. చాలాకాలం తర్వాత ఒకచోట ఎదురుపడి అవీ ఇవీ మాట్లాడుకున్నప్పుడు తేలిందేమిటంటే, అనుకరించినవాడి పేరు అతనికి సరిగా గుర్తు లేదు. నా నవ్వు గుర్తుంది. అది మిగతావాళ్ళ నవ్వుకంటే కొంచెం ఆలస్యంగా వచ్చేదట, అందుకని విడిగా వినబడేదట.

ఇలాంటి ధారావాహికలు నేను చాలా చూశాను. ప్రతిసారీ రాక్షసుడి పక్షానే ఉండి, కసి తీరా చూశాను. ఏ ఒక్కదానిలోనూ రాక్షసుడు నా వైపు తిరగలేదు. అందుకే అవి నాకు నచ్చాయేమో.

కొత్తకలం:

వెనకబెంచీ గారూ, రాసినందుకు ధన్యవాదాలు. నల్లబల్ల గారూ, మీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. తొట్టి దృశ్యంలో చుట్టూ పిల్లలు ఉన్నారు. ఖర్చు తగ్గుతుందని వాళ్ళకు ముఖాలు గీయవద్దని మేమే నిర్ణయించుకున్నాము. స్క్రిప్టులో వాళ్ళ గురించి ఉన్నది ఒక్కటే మాట, 'గుంపు'.

రంగులపలక:

అందరమూ చేసే పనే అది. ఆరుగురు పిల్లలను గీసి, జుట్టు రంగు మార్చి, ఎడమవాడిని కుడికి తిప్పి ముప్పై ఆరుమందిని చేస్తాము. ఇంతవరకూ దాన్ని ఖర్చు సంగతిగానే చూశాను.

పురాణ కాలక్షేపం:

చర్చ మంచి చోటుకు వచ్చింది కనుక కొంచెం పక్కదారి పడతాను, మళ్ళీ తిరిగి వస్తాను. కొత్తకలం గారు 'రాక్షసుడు' అన్నారు. మనకు దెయ్యం వేరు, భూతం వేరు, రాక్షసుడు వేరు. దెయ్యం చచ్చినవాళ్ళది, దెబ్బకు దిగుతుంది. రాక్షసుడికి వంశముంది, తపస్సు ఉంది, వరముంది, ఆ వరానికి ఎక్కడో ఒక మెలిక ఉంది. మెలిక లేని వరం మన కథల్లో లేదు. మీ రాక్షసుడి బలానికి మెలిక ఏదీ కనబడలేదు, అందుకే అతను చప్పగా ఉన్నాడు. అర్ధరాత్రి ప్రేక్షకుడు గారు చెప్పిన ఖర్చు ఆ లోటును కొంత తీరుస్తుంది గానీ, ఖర్చు ఎప్పుడైనా చెల్లించవచ్చు. మెలిక వచ్చి దారికి అడ్డం నిలబడుతుంది.

మళ్ళీ పుట్టడం కూడా మనకు కొత్త కాదు. వైకుంఠ ద్వారపాలకులు జయవిజయులు సనకాదుల శాపం వల్ల హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగానూ, రావణ కుంభకర్ణులుగానూ, శిశుపాల దంతవక్త్రులుగానూ మూడు జన్మలెత్తారు. వాళ్ళు చేసిన తప్పు ఏమిటో గుర్తు చేసుకోండి. వాకిట్లో నిలబడి, లోపలికి వెళ్ళవలసినవాళ్ళను వెళ్ళనివ్వకపోవడం. బడిలో ఒక గుంపు చేసే పని కూడా దాదాపు అదే.

ఇక అసలు సంగతి. జపాన్, కొరియా కథల్లో మీరు చూసే 'మావో', 'మావాంగ్' అనే రాక్షసరాజు పేరులోని 'మా' అనే అక్షరం వెనకున్న మాట మన దేశం నుంచి వెళ్ళినదే. బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి మార్చినప్పుడు 'మార' అనే పేరును పలికించడానికి వాడిన అక్షరం అది. మన నిఘంటువుల్లో మారుడంటే మన్మథుడు. బౌద్ధంలో బోధివృక్షం కింద కూర్చున్న సిద్ధార్థుణ్ణి లేపివేయడానికి సేనలతో వచ్చినవాడు. ఆ కథలో మారుడి చివరి ఆయుధం సేన కాదు, ఒక ప్రశ్న. ఈ ఆసనానికి నువ్వు అర్హుడవని చెప్పే సాక్షి ఎవరు అని అడిగాడు. తన సాక్షులుగా సేన మొత్తాన్నీ చూపించాడు. సిద్ధార్థుడికి తోడు ఎవరూ లేరు. కుడిచేయి కిందికి చాపి నేలను తాకాడు. భూమి సాక్ష్యం చెప్పింది, మారుడు ఓడిపోయాడు. భూమిస్పర్శ ముద్రలో ఉన్న బుద్ధవిగ్రహాలన్నీ ఆ ఘడియవే.

కొత్తకలం గారూ, మీ రాక్షసుడు 'యుగాల క్రితం ఓడిపోయాడు' అని రాశారు, ఎలా ఓడిపోయాడో రాయలేదు. సాక్ష్యం వల్ల ఓడిపోయినవాడైతే?

న్యాయసూత్రం:

పై సభ్యుడి సూచన నాకు వేరే కారణంతో నచ్చింది. ఈ తరహా కథల్లో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టేది ఒకటే: రాక్షసుడే ఫిర్యాదుదారు, రాక్షసుడే పోలీసు, రాక్షసుడే న్యాయమూర్తి, శిక్ష అమలు చేసేదీ అతనే. అతనికి అందరి మనసులూ తెలుసు కనుక తప్పు జరగదని రచయిత మనకు హామీ ఇస్తాడు. ఆ హామీ వల్లనే కథలో ఉత్కంఠ చచ్చిపోతుంది.

ఈ కథలు ఎక్కువగా పుట్టే దేశాల చట్టాలు ఇంత సూటిగా లేవు. కొరియాలో పాఠశాల హింస నివారణ చట్టం 2004లో వచ్చింది. దాని కింద వేధించిన విద్యార్థిపై తీసుకునే చర్యలు తొమ్మిది మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టు రాతపూర్వకమైన క్షమాపణ, తొమ్మిదోది బడి నుంచి తొలగింపు, నిర్బంధ విద్య వయసులో ఉన్న పిల్లలకైతే ఆ తొమ్మిదోది వర్తించదు. విచారణ మొదట ఏ బడికి ఆ బడిలోనే జరిగేది, 2020 నుంచి దాన్ని బడి బయట ఉండే విద్యా కార్యాలయానికి మార్చారు. సొంత బడి పరువు చూసుకునేవాళ్ళు సొంత బడి తగవు తీర్చడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు కదా. జపాన్‌లో వేధింపుల నివారణ చట్టం 2013లో వచ్చింది. దానికి వెనక 2011లో ఓత్సు నగరంలో వేధింపులకు గురైన ఒక బాలుడు మరణించిన ఘటన ఉంది. అప్పుడు తోటి విద్యార్థులకు ఇచ్చిన ప్రశ్నావళిలో పిల్లలు తాము చూసినవీ విన్నవీ రాశారు. పెద్దలు ఆ జవాబులను పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదన్న సంగతి బయటపడినప్పుడే దేశమంతా కోపం రగిలింది. అంటే అక్కడ సాక్షులు ఉన్నారు, రాశారు కూడా. చదవవలసినవాళ్ళు సరిగా చదవలేదు.

మీ కథలో ఉపాధ్యాయులు ఎవరైనా ఉన్నారా?

అర్ధరాత్రి ప్రేక్షకుడు:

ఒక్క అభ్యంతరం చెప్పనివ్వండి. ఇంతసేపూ అందరూ మంచి మాటలే చెప్పారు గానీ, ఇలాగే సాగితే చివరికి ఇది బడిలో ప్రార్థన సమయానికి వేసే నీతిచిత్రం అవుతుందని నా భయం. ప్రేక్షకుడు ఈ కథ దగ్గరికి కసి తీర్చుకోవడానికి వస్తాడు. పగలంతా మాట పడి, రాత్రి దుప్పటి కింద ఫోనులో ఇది చూసే పిల్లవాడికి 'నీ చుట్టూ ఉన్నవాళ్ళ పాత్రలు ఆరు' అని చెబితే వాడికి ఏమి ఒరుగుతుంది? వాడికి కావలసింది ఎవరో ఒకరు వచ్చి ఆ చేతులను మొద్దుబార్చడం. ఆ కోరికను మనం చిన్నచూపు చూడకూడదు.

వెనకబెంచీ:

మీరు చెప్పింది నిజం. నాకు తోచిందీ చెబుతాను. దుప్పటి కింద చూసే ఆ పిల్లవాడికి రాక్షసుడు వస్తాడన్న ఆశ ఎప్పుడూ లేదు. పక్క బెంచీ వాడు ఒక్కసారి నోరు విప్పుతాడేమోనన్న ఆశ మాత్రం ప్రతిరోజూ ఉంటుంది. కసి తీరే దృశ్యం అక్కడ కూడా ఉంది, మనమే దాన్ని ఎప్పుడూ రాయలేదు.

కొత్తకలం:

రెండు రోజులు మౌనంగా ఉన్నందుకు మన్నించండి, కథను తిరగరాస్తున్నాను. పురాణ కాలక్షేపం గారు అడిగిన మెలిక దొరికింది.

మా రాక్షసుడు మారుడి సేనలో ఒకడు. నేల చెప్పిన సాక్ష్యంతో ఓడినవాడు గనుక, ఎవరైనా తమ కళ్ళతో చూసింది తమ నోటితో చెబితే తప్ప అతని బలం పనిచేయదు. అతను సర్వజ్ఞుడే, ఎవరు ఏమి చేశారో అన్నీ తెలుసు, అయినా ఏమీ చేయలేడు. మొదటి మూడు భాగాల్లో సాక్ష్యం సులువుగా దొరుకుతుంది, ఎందుకంటే బాధితులే చెబుతారు. నాలుగో భాగంలో బాధితురాలు మాట్లాడదు. ఆ అమ్మాయి పూర్తిగా నోరు మూసుకుంది. రాక్షసుడు తరగతిలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడుగుతాడు. ఒకరు ఆ రోజు రాలేదంటారు, ఒకరు కిటికీలోంచి బయటకు చూస్తున్నానంటారు, ఒకరు అది సరదాకేనంటారు. పదకొండు నిమిషాలూ యుగాల నాటి రాక్షసుడు ఒక పెన్సిల్ చెక్కుకునే పిల్లవాడిని బతిమాలుకుంటూ కనబడతాడు. ఆ భాగంలో శిక్ష పడదు. ఈ ధారావాహికలో శిక్ష పడని మొదటి భాగం అదే.

న్యాయసూత్రం గారూ, ఉపాధ్యాయురాలు ఉన్నారు. అయిదో భాగంలో ఆమె సొరుగులో ఎవరో రాసి ఇచ్చిన కాగితం ఒకటి, ఏడాదిగా మడత విప్పకుండా ఉంటుంది.

నల్లబల్ల:

నాలుగో భాగం బాగుంది. ఒక జాగ్రత్త చెబుతాను. సాక్ష్యమంటే తరగతి నడుమ లేచి నిలబడి వేలెత్తి చూపడమే అన్నట్టు రాయవద్దు. అలా లేచిన పిల్లవాడి మీదికి మర్నాటి నుంచి గుంపు మళ్ళుతుంది, నేను చూశాను. పిల్లలు నాతో నిజం చెప్పిన సందర్భాలన్నీ వేరుగా ఉండేవి. పుస్తకం దిద్దించుకోవడానికి వచ్చి, వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి చెప్పేవాళ్ళు. కొందరు అదీ చెప్పలేక, ఏడిపింపుకు గురైన పిల్ల పక్కన మర్నాడు వచ్చి కూర్చునేవాళ్ళు. అది కూడా పక్షం వహించడమే. మీ రాక్షసుడు ఆ కూర్చోవడాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటాడా లేదా అనేది మీరు తేల్చుకోవాలి. నేనైతే ఒప్పుకోమంటాను.

మరో మాట. ఉపాధ్యాయురాలు ఇద్దరినీ పిలిచి చేతులు కలిపించి పంపించివేసే దృశ్యం పెడితే, దయచేసి దాన్ని పరిష్కారంగా చూపించవద్దు. బలం సమానంగా లేని ఇద్దరి మధ్య రాజీ కుదిర్చితే, బలహీనుడు గది దాటగానే దాని ధర చెల్లిస్తాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ తప్పు చేశాను.

న్యాయసూత్రం:

అబద్ధపు సాక్ష్యం సంగతి కూడా ఒక భాగంలో రావాలి. సాక్ష్యానికి అంత బలముందని తెలిసిన రోజునే ఒకడు దాన్ని ఆయుధం చేసుకుంటాడు. తనకు గిట్టనివాడి మీద చూడనిది చూశానని చెబుతాడు. రాక్షసుడికి అది అబద్ధమని తెలుసు. నియమం ప్రకారం బలం మాత్రం పనిచేస్తుంది. వాడాలా, మానాలా? ఇంతవరకూ అతనికి ఎంచుకునే అవసరమే రాలేదు.

అర్ధరాత్రి ప్రేక్షకుడు:

నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. న్యాయసూత్రం గారు చెప్పిన భాగాన్ని ఆరోదిగా పెట్టండి. నేను దుప్పటి కిందే చూస్తాను.

రంగులపలక:

నల్లబల్ల గారు పైన చెప్పిన పది సెకన్లు నన్ను వదలడం లేదు. పది సెకన్లంటే 240 ఫ్రేములు. తెర మీద అది చాలా పెద్ద కాలం. మామూలుగా ఆ వ్యవధిలో మూడు నాలుగు షాట్లు మారుతాయి. ఏడో భాగంలో ఒకే ఒక షాట్ ఊహించుకోండి. కెమెరా కదలదు. ముందువైపు వేధింపు జరుగుతోంది, వెనక ముఖాలు లేని గుంపు. ఆ గుంపులో ఒక్కరికి మెల్లగా ముఖం రావడం మొదలవుతుంది, కళ్ళు, ఆ తర్వాత ముక్కు, చివరికి నోరు. నోరు తెరిచేసరికి సరిగ్గా 240వ ఫ్రేము. ఖర్చు కోసం ముఖాలు తీసేశారు కదా, ఆ తీసేయడాన్నే కథ చేసుకోండి. ఇకనుంచి సాక్ష్యం చెప్పినవాళ్ళకే ముఖం గీద్దాము. ఎనిమిదో భాగానికి తరగతిలో ఎన్ని ముఖాలున్నాయో ప్రేక్షకుడు తనంతట తానే లెక్కపెట్టుకుంటాడు. నా తీరిక సమయంలో ఆ షాట్ నేను గీసి ఇస్తాను.

పురాణ కాలక్షేపం:

ఒక ముడి మిగిలింది. మీ రాక్షసుడు కూడా పిల్లలను బాధపెట్టాడు. తల్లి నోట తన పేరు రాని ఆ అమ్మాయి సంగతేమిటి? అతని మీద సాక్ష్యం చెప్పేది ఎవరు? మారుడు అడిగిన ప్రశ్న మారుడి మనిషికే తిరిగి రాకపోతే కథ సగంలో ఉన్నట్టే.

కొత్తకలం:

ఆ ముడి దగ్గరే రాత్రంతా కూర్చున్నాను. ఇదీ ఎనిమిదో భాగం.

ఏడు భాగాల తర్వాత తరగతిలో ముఖాలు వచ్చిన పిల్లలు పదకొండుమంది. రాక్షసుడు వాళ్ళ ముందు నిలబడి, నా మీద సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా అని తానే అడుగుతాడు. అందరికీ అతను మేలు చేశాడు కనుక ఎవరూ కదలరు. తన చుట్టూ కమ్ముకున్న ఆ మౌనం, నాలుగో భాగంలో తాను గోడకు చెప్పుకున్నట్టు బతిమాలిన మౌనమేనని అతనికి తెలుస్తుంది. అప్పుడు వెనక బెంచీ నుంచి మొదటి భాగంలో చేతులు మొద్దుబారిన కుర్రవాడు చెప్పడానికి సిద్ధపడతాడు. తొట్టి దగ్గర ఇతని తల పట్టుకున్న నలుగురిలో వాడూ ఒకడు. చేయెత్తబోతాడు. చేయి లేవదు. సాక్ష్యం వినాలంటే రాక్షసుడు ముందుగా తాను వేసిన శిక్షను తానే తీసేయాలి, తీసేసిన మరుక్షణం తన మీద సాక్ష్యం నిలబడుతుంది, మళ్ళీ ఓడిపోతాడు.

తీసేస్తాడు. కుర్రవాడి వేళ్ళలోకి మెల్లగా స్పర్శ వస్తుంది. చేయి ఎత్తడానికి ముందు వాడు అరచేతిని బెంచీ చెక్క మీద ఆనించి, దాని గరుకుదనాన్ని ఒకసారి తడిమి చూసుకుంటాడు.

రంగులపలక గారూ, ఆ తడిమే షాట్‌కు బొమ్మలు రెండేసి ఫ్రేములు నిలపాలా, మూడేసి సరిపోతాయా? మా దగ్గర గీసే చేతులు తక్కువ.

రంగులపలక:

ఫ్రేముకొక బొమ్మ గీయాలి. ఇంతవరకూ అలా కదిలింది రాక్షసుడు ఒక్కడే కదా, ఆ కదలిక ఇప్పుడు ఈ కుర్రవాడి చేతికి రావాలి. ఆ షాట్ కూడా నాకే పంపండి.